చూరు చెక్కలకు తెల్లరంగు

ఆదివారం పొద్దున్నే లేచి, చూరు చెక్కలకు తెల్లరంగు కొట్టేసి, చుట్టాలు వచ్చే వేళకు స్నానం ముగించి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకు కూర్చోవాలి. గాభరా వేసుకున్న పథకం అంతే. గాభరా ఆయన అసలు పేరు కాదు. ఆఫీసులో ఫైలు కనపడకపోతే ముందు తన బల్ల కింద, తర్వాత పక్కవాడి బల్ల కింద, ఆపైన మేనేజరు కూర్చుని ఉండగానే మేనేజరు బల్ల కింద దూరి వెతికే మనిషి కాబట్టి అక్కడివాళ్ళు పెట్టిన పేరది. మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది.

కప్పు అంచున వాసాల చివర్లను కప్పుతూ కొట్టిన పొడవాటి చెక్కలు పుచ్చిపోయాయి. వాటికి బిగించిన వాననీళ్ళ రేకు కూడా నడుం వంగింది. కిందటి వారం వడ్రంగి వచ్చి, ఇల్లు చుట్టూ తిరిగి చూసి, గాభరా రెండు నెలల జీతమంత చెప్పాడు.

"చెక్కముక్కలకా ఇంత? బంగారు పూతగానీ పూస్తావా ఏంటి?"

"చెక్కకి అయ్యేది తక్కువే సార్. పరంజా కట్టాలి, రేకు దింపాలి, వాసాలు చూడాలి, మళ్ళీ రేకు ఎక్కించాలి. ఖర్చంతా పైకెక్కడంలో ఉంది."

"ఎక్కడం నాకూ వచ్చులేవయ్యా!" అని పంపేశాడు గాభరా.

ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాడే. కానీ శనివారం సాయంత్రం భార్య, "రేపు మా అక్కా బావగారూ భోజనానికి వస్తున్నారండీ" అంది. ఆ తోడల్లుడు గాభరాకి కంట్లో నలుసు. తన ఇంటి చూరు చెక్కలన్నీ కొత్తవి వేయించానని, తళతళలాడే ఫోటోలు చుట్టాలందరికీ పంపించిన ఘనుడు. ఆయన గేటు దగ్గర ఆగి, తలెత్తి చూసి, "అయ్యయ్యో తమ్ముడూ!" అంటాడే, ఆ "అయ్యయ్యో" తలుచుకుంటేనే గాభరాకి ఒళ్ళు మండిపోయింది.

తెల్లారగానే ఎదురింటి ఎలక్ట్రీషియన్ని నిచ్చెన అడిగి తెచ్చుకుని పోర్టికో స్లాబు మీదికెక్కాడు. అక్కణ్ణుంచి ముందువైపు చూరు చేతికందుతుంది. కుంచె రంగులో ముంచి చెక్కకు గట్టిగా అద్దాడు. కుంచె పిడిదాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే చెక్కలో సగం దాన్ని పట్టుకుని వచ్చేసింది. ఊడిన ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియక, ఎవరైనా చూస్తారేమోనని గాభరా స్లాబు గోడ చాటున చతికిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఎలక్ట్రీషియన్‌కి ఎక్కడో కరెంటు పోయిందని ఫోనొచ్చింది. బయటికొచ్చి చూస్తే నిచ్చెన మీద మనిషి లేడు, స్లాబు మీదా కనపడలేదు. సారు పని అయిపోయింది కాబోలనుకుని, నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి దిగబోయి కాలు గాల్లో పెట్టిన గాభరాకి పైప్రాణాలు పైనే పోయాయి. ఫోను లోపల చొక్కా జేబులో ఉంది. భార్య వంటింట్లో మిక్సీ వేస్తోంది. "ఏమేవ్! ఏమేవ్!" అని అరిచాడు. మిక్సీ మరింత గట్టిగా తిరిగింది. కాలుగాలిన పిల్లిలా స్లాబు ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు పరుగెత్తాడు.

ఇంతలో పక్కింటి పిన్నిగారు కూరల సంచీతో వస్తూ కనిపించారు. ఆవిడ చూడాలని గాభరా పుచ్చుచెక్కను రెండు చేతులా ఎత్తి ఊపాడు. దాంట్లోంచి పొడి గుప్పుమని లేచింది. "నిచ్చెన! పిన్నిగారూ, నిచ్చెన!" అని కేకపెట్టాడు.

మిక్సీ మోతలో పిన్నిగారి చెవిన పడింది 'ని' ఒక్కటే. పైన చూస్తే పొగ. మిగతా మాట ఆవిడే పూర్తి చేసుకున్నారు.

"నిప్పు! నిప్పు! బాబోయ్, ఇల్లు అంటుకుంది! ఆయన పైన చిక్కుకుపోయాడు!"

వీధి వీధంతా వాకిట్లోకొచ్చింది. ఎవరో ఫోన్ చేశారు. గంట గణగణలాడిస్తూ ఫైరింజను రానే వచ్చింది.

"నిప్పు కాదయ్యా, నిచ్చెన!" అని గాభరా పైనుంచి మళ్ళీ ఆ పుచ్చుచెక్కే ఊపాడు. మళ్ళీ పొడి గుప్పుమంది.

"భయపడకండి సార్, వచ్చేశాం!" అని కిందనుంచి ఆఫీసరు ధైర్యం చెప్పి, "పొగ ఆ చూరులోంచే. కొట్టండి!" అన్నాడు.

నీళ్ళు చూరుకు తగలగానే మొదటి చెక్క ఊడింది. అది రేకును లాగింది, రేకు రెండో చెక్కను లాగింది, రెండోది మూలదాకా ఉన్నవాటిని పిలుచుకుని మరీ పోయింది. ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నవన్నీ ముందు వాకిట్లో కుప్పగా కూలాయి. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. తడిసి ముద్దయిన గాభరా తెల్లరంగు కారుతూ ఫైరువాళ్ళ నిచ్చెన దిగుతుండగా, గేటు ముందు కారు ఆగింది.

భార్య మిక్సీ ఆపి, గరిటెతోనే బయటికొచ్చింది. తోడల్లుడు తలెత్తి చూరు వైపు చూశాడు. గాభరా కళ్ళు మూసుకుని "అయ్యయ్యో" కోసం ఎదురుచూశాడు.

అది రాలేదు. తోడల్లుడు మెల్లగా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకెళ్ళాడు. "తమ్ముడూ, ఇంతా ఊడింది కదా, ఇక ఎలాగూ వడ్రంగిని పిలుస్తావు. మా ఇంటికి కూడా ఓసారి రమ్మను."

"మీవి కొత్తవేగా అన్నయ్యా?"

"కొత్తవా, నా మొహమా! ధర విని గుండాగి, రంగేసి ఫోటో తీశాను. మొన్న గాలికి రెండు ఊడిపడ్డాయి. మీ వదినకి ఇంకా తెలీదు, గట్టిగా అనకు."

గాభరాకి ఆ రోజంతటిలో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. ఒళ్ళు తుడుచుకోకుండానే వడ్రంగికి ఫోన్ చేశాడు. రేకు కూడా కొత్తది వెయ్యాలి కాబట్టి రెండు నెలల జీతం మూడు నెలలైంది. గాభరా మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

ఆ వారమంతా వీధిలో జనం తలలెత్తి ఎవరి చూరు వాళ్ళు చూసుకుంటూ నడిచారు; మురిక్కాలువలో పడి ఇద్దరికి కాళ్ళు బెణికాయి.