తూర్పు బాణం

మురుగునీరు పల్లానికి పారుతుందనే అపోహను నిగుడ్‌వాడీ పురపాలక సంఘం ఏకగ్రీవ తీర్మానంతో రద్దు చేసింది. (వ్యతిరేకించిన సభ్యుడు టీ తాగడానికి వెళ్లాడు.)

ఆ సంగతి ఊరంతా పిన్నిగా పిలుచుకునే ఇందుమతీ కాకూకు తన మిసళ్ ఫలహారాల దుకాణం ముందు మురుగు పొంగాక తెలిసింది. ఊరి పడమటి కొసన, ఇంటి ముందు గదిలోనే దుకాణం. నిన్నటిదాకా బల్లలు ఖాళీ ఉండేవి కావు. ఇప్పుడు జనం ముక్కు మూసుకుని దాటిపోతున్నారు. ఆమె చీర ఎత్తి పట్టుకుని మురుగు ప్రణాళికా విభాగానికి నడిచింది.

ఇంజనీరు దేవధర్ ఆమెను మర్యాదగా కూర్చోబెట్టాడు.

"నకాశా పటంలో మురుగు బాణం తూర్పుకుంది కాకూ. మీ వీధి మురుగు పడమటికి పోతోంది. తప్పెవరిదో మీరే చెప్పండి."

"తూర్పున గుట్ట ఉంది కదా నాయనా. నీళ్లు గుట్టెక్కుతాయా?"

"ప్రజలు సహకరిస్తే ఎక్కుతాయండీ."

బాణం తిప్పి గీయమని ఆమె బతిమాలింది. కుదరదన్నాడు. బాణానికి ముప్పై ఏళ్ల వరకు ఆమోదం ఉంది. నేలకు అలాంటిదేమీ లేదు. కాబట్టి నేలనే సవరించారు. లారీల కొద్దీ మట్టి పోసి పడమటి కొసను ఎత్తు చేశారు. వీధి కాకూ గుమ్మాన్ని పూడ్చేసి కిటికీ దాకా లేచింది. అప్పటి నుంచి ఆమె కిటికీలోంచే రాకపోకలు సాగించింది. దుకాణం మూతపడింది.

మురుగు కొంతసేపు తూర్పుకేసి నిజాయితీగా ప్రయత్నించి, చివరికి కాకూ వంటింట్లోకి దిగింది.

కబురందుకుని దేవధర్ వచ్చాడు. కిటికీలోంచి తొంగి చూసి, లోపలికి రావడానికి తనకు అధికారం లేదన్నాడు.

"ప్రజల మురుగు వరకే మా పరిధి కాకూ. ఇల్లు చేరాక అది సొంత మురుగు."

"ఇది నాదా? ఊరందరిదీ."

"మీ ఇంట్లోనే ఉంది కదండీ."

ఆమె మిసళ్ కలిపే పెద్ద గిన్నెతోనే తోడడం మొదలుపెట్టింది. ఆ గిన్నెలో ఇక వంట చేయలేనని తెలిసి కాసేపు ఆగింది, మళ్లీ తోడింది.

బయట మాత్రం వీధి పొడిగా మెరిసింది. దానికి ఆదర్శ వీధిగా సన్మానం చేశారు. వేదికను సరిగ్గా కాకూ కిటికీకి ఆనించి కట్టారు. పురపాలక అధ్యక్షుడు మైకులో ఆమెను పేరు పెట్టి వేదిక మీదికి పిలిచాడు. లోపలి నుంచి ఆమె తెరుచుకోని కిటికీ రెక్కను రెండు చేతులతో బాదింది.

సభా నివేదికలో దాన్ని 'స్థానికుల హర్షధ్వానాలు' అని నమోదు చేశారు.