రెండో పేజీ

ఆ మంగళవారం ఉదయం లండన్‌లోని అద్దె గదిలో ఎమ్లిన్ ప్రిచర్డ్ రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి బూట్లకు పాలిష్ వేయడం. రెండోది, తాను రాసిన ఒక్క పేజీ కింద పది తెల్లకాగితాలు చేర్చి పిన్ను కొట్టడం. మధ్యాహ్నం మూడింటికి కాలేజీలో ప్రొఫెసర్ టాన్‌హోఫ్ సెమినార్. అందులో అతను వ్యాసం చదవాలి. అయ్యాక ఖాళీగా ఉన్న లెక్చరర్ ఉద్యోగం అతనికి ఇవ్వాలో వద్దో ప్రొఫెసరూ, డాక్టర్ పిల్‌బీమూ కలిసి తేలుస్తారు. ఇవ్వకపోతే వేల్స్‌లోని సొంతూరికి పోయి బడిపిల్లలకు కూడికలు చెప్పుకోవాలి.

ఒక్క పేజీయే రాయడం బద్ధకం కాదు. టాన్‌హోఫ్ రెండో ప్రపంచయుద్ధానికి ముందు వియన్నా నుంచి వచ్చినవాడు. ఏ సిద్ధాంతాన్నీ నిజమని రుజువు చేయలేమనీ, తప్పని తేల్చడానికి ప్రయత్నించడమే మన చేతిలో ఉన్నదనీ ఆయన పాఠం. నక్షత్రాలకైనా, బజారు ధరలకైనా, ప్రభుత్వాలకైనా అదే పాఠం. అందుకని ఆయన గదిలో మెచ్చుకోవడం మర్యాద కాదు, అడ్డుపడటం మర్యాద. ఎమ్లిన్ వచ్చిన ఈ మూడేళ్లలో ఏ వక్తా మొదటి పేజీ దాటలేదు. అతను రాసిన మొదటి వాక్యం ఇది: "ఒక సంగతి ఎన్నిసార్లు జరిగినా, మళ్లీ జరుగుతుందనడానికి అది సాక్ష్యం కాదు."

ఆ ఉదయమే టాన్‌హోఫ్ జ్ఞానదంతం పీకించుకున్నాడు. దంతవైద్యుడు దూది కుక్కి, సాయంత్రం దాకా నోరు తెరవొద్దన్నాడు. ఇవాళ ఒక్క మాటా మాట్లాడనని ప్రొఫెసర్ చీటీ రాసి సెక్రటరీ మిస్ క్లెగ్‌కు ఇచ్చాడు. ప్రిచర్డ్ వ్యాసం మీద ప్రొఫెసర్ గారు ఒక్క మాటా అనరట అని ఆమె పిల్‌బీమ్‌కు ఫోన్ చేసింది. పన్ను సంగతి చెప్పలేదు. ఒకరి నోట్లో విషయం ఇంకొకరికి చేరవేయడం ఆమెకు నచ్చదు.

పిల్‌బీమ్ ఆర్థికశాస్త్రం చెబుతాడు. టాన్‌హోఫ్ ఒక్క మాటా అనడంటే, వ్యాసం ముందే చదివి ఉంటాడు, తప్పు దొరికి ఉండదు అనుకున్నాడు. భోజనాల వేళకు ఆ మాట క్యాంటీన్ చేరింది. తప్పు లేని వ్యాసమట, చూసొద్దామని భౌతికశాస్త్రం వాళ్లు కూడా బయలుదేరారు. మూడింటికి కిటికీ గట్ల మీద సైతం జనం కూర్చున్నారు.

ప్రొఫెసర్ ఇవాళ నోరు విప్పడన్న సంగతి ఎమ్లిన్‌కు గుమ్మం దగ్గర తెలిసింది.

"భయపడకు నాయనా, ఇవాళ నిన్నెవరూ కదిలించరు" అంది మిస్ క్లెగ్.

"అదేనండీ నా భయం" అన్నాడు.

టాన్‌హోఫ్ దవడకు మఫ్లర్ చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎమ్లిన్ మొదటి వాక్యం చదివి ఆగాడు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. రెండోది చదివి ఆగాడు. కామా దగ్గరల్లా దగ్గాడు. పేజీ అయిపోయింది. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు.

"ఏమీ లేదయ్యా, కానివ్వు. వినడానికేగా వచ్చాం" అన్నాడు పిల్‌బీమ్.

ఆ గదికి వినడానికి ఎవరైనా రావడం అదే మొదలు.

ఎమ్లిన్ కాగితం తిప్పాడు. తెల్లగా ఉంది.

"ఇంతవరకు చెప్పిందంతా తప్పు" అన్నాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. ఇక వెనక్కి పోయే దారి లేదు. నిన్న నిలిచిన మెట్లు ఇవాళా నిలుస్తాయని నమ్మే కదా అందరూ ఎక్కి వచ్చారు అని అడిగాడు. మధ్యమధ్య తెల్లకాగితాలు తిప్పుతూ పావుగంట తన పేజీని తనే చీల్చి చెండాడాడు.

"ఒకడు మూడేళ్లు ఒకే సంగతి చూశాడు. దాన్ని నమ్ముకుని బతుకంతా దాని మీద పెట్టాడు. వాడు వెధవైతే మనమందరం వెధవలమే."

టాన్‌హోఫ్ లేచాడు. మఫ్లర్ విప్పాడు. దూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లు చూసినా వాడు వెధవే. ఒక్క రోజు తేడా వస్తే చాలు, మొత్తం కూలుతుంది."

"తెలుసు సార్. ఈ గదిలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు" అన్నాడు ఎమ్లిన్.

ఆ తర్వాత అతను మాట్లాడాల్సిన పని పడలేదు. టాన్‌హోఫ్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నలభై నిమిషాలు ఆ పేజీని కాపాడాడు. నోళ్లు విప్పే వీలు దొరికి మిగతావాళ్లంతా దాని మీద పడ్డారు. పేజీ నిలిచింది. తన సిద్ధాంతంలో తప్పులు తనే అందరికంటే గట్టిగా వెతికిన మనిషని, ప్రొఫెసరూ, పిల్‌బీమూ ఐదు నిమిషాల్లో ఉద్యోగం ఖాయం చేశారు.

పత్రికకు పంపుదామని టాన్‌హోఫ్ కాగితాలు అందుకున్నాడు. ఒకటి తిప్పాడు. పదీ తిప్పాడు.

"మిగతాది ఏదీ?"

ఎమ్లిన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక్కడ ఎవరూ మొదటి పేజీ దాటలేదని, అందుకే రెండోది రాయలేదని. ప్రొఫెసర్ ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో కాగితాలు తిరిగి ఇచ్చాడు.

"నీ మొదటి వాక్యానికి ఇంత మంచి ఉదాహరణ చేతిలో పెట్టుకుని వ్యాసంలో రాయలేదేమయ్యా? శుక్రవారంకల్లా రాసి తీసుకురా."

"మరి ఉద్యోగం, సార్?"

"ఇచ్చేశాంగా. తప్పు చేశామని తేలితే అప్పుడు చూద్దాం."

తర్వాతి మంగళవారం వక్త ఎందుకైనా మంచిదని నలభై పేజీలు రాసుకొచ్చాడు. శీర్షిక దగ్గరే ఆపేశారు.