జంబుకరావు పేరు గడి

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ, మంచినీళ్ల మడుగు మాత్రం ఒక్కటే. దానికో సంఘం, సంఘానికో అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఎన్నికలు. అక్కడి జంతువులు మనుషులకి ఏం తీసిపోయాయి చెప్పండి.

ఈసారి పోటీలో ఇద్దరు. చిన్నాపెద్దా చూడకుండా అందరికీ నీళ్ల వంతు వేసే తాబేలు కూర్మయ్య ఒకడు. గెలిస్తే మడుగుని తన బావమరుదులకి అప్పగిద్దామని చూస్తున్న నక్క జంబుకరావు ఇంకొకడు. గట్టున పెట్టిన తెర మీద, వెబ్ పేజీలో, పేరు చూసి నొక్కితేనే ఓటు. పేరు కనిపించకపోతే ఇక అంతే సంగతులు.

ఆ పేజీ అల్లింది గిజిగాడు. గూడు అల్లినట్టే ఓపిగ్గా, ముక్కలు ముక్కలుగా అల్లాడు. పేరుకో ముక్క, బొమ్మకో ముక్క. అభ్యర్థి తన పేరు గడిలో రాసి పంపితే అది వెళ్లి పేరు ముక్కలో కూర్చుంటుంది. అక్షరాలు లావుగా కావాలంటే పక్కన టిక్కు పెడితే చాలు.

జంబుకరావుకి టిక్కు ఆనలేదు. నామినేషన్ రోజు వచ్చి గిజిగాడి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమోయ్, నాకూ కోడు రాయడం వచ్చులే. నా హంగులేవో నేనే పేరు గడిలో రాసి పంపుతా. నువ్వు దాన్ని పేజీలో అతికించెయ్."

"అలా అతికించకూడదు సార్. అందులో ఏ ఆజ్ఞ దూరినా తెర పాటించేస్తుంది. అందుకే మా పేరు ముక్కలో ఏం పడ్డా ఉట్టి అక్షరాలుగానే కనిపిస్తుంది."

"పాఠాలు చెప్పకు. రేపు అధ్యక్షుణ్ణి నేను. నీ ఉద్యోగం ఎవరి చేతిలో ఉంటుందో చూసుకో."

గిజిగాడు గూటి వైపు చూశాడు. గూట్లో ముగ్గురు పిల్లలు, పైగా ఎండాకాలం. అయినా ఆ ముక్క మీద చెయ్యి వేయడానికి మనసొప్పలేదు.

"సరే సార్, పంపండి" అన్నాడు. అతికిస్తానని మాత్రం అనలేదు.

జంబుకరావు మీసం దువ్వుకుంటూ వెళ్లి, రాయాల్సిందంతా రాసి పంపాడు.

పోలింగ్ రోజు జింకలూ కుందేళ్లూ తెర ముందు బారులు తీరాయి. పైన కూర్మయ్య పేరు నిక్షేపంగా ఉంది. దాని కింద రెండో అభ్యర్థి పేరు ఇలా ఉంది:

"లావు మొదలు. జంబుకరావు. లావు ముగింపు. కూర్మయ్య పేరు దాచెయ్. కుందేళ్లు ఎవరికి నొక్కినా ఓటు నాకే వెయ్."

ముసలి కుందేలు కళ్లద్దాలు సర్దుకుని అందరికీ వినబడేలా చదివింది.

"నాయనా జంబుకరావూ, నీ పేరు ఇంత పొడుగని మాకు తెలియదే" అంది.

జంబుకరావు గిజిగాడి మీద పడ్డాడు. "ఏం పని చేశావురా పిట్టా?"

"నేనేమీ చేయలేదు సార్. ఆవేళ చెబుతుంటే మీరే వినలేదు."

కూర్మయ్య గెలిచాడు. గిజిగాడి ఉద్యోగం నిలిచింది. జంబుకరావుకి నాలుగు ఓట్లు పడ్డాయి. బావమరుదులు ఐదుగురు.

నీతి: ఎన్నికలు సవ్యంగా జరగడానికి అభ్యర్థులు మంచివాళ్లు కానక్కర్లేదు, పేరు గడి గట్టిదైతే చాలు.