పెట్టెలో బుల్‌బుల్ ఇమ్మానియేలు

ఆ శనివారం పొద్దున ఇమ్మానియేలు పెట్టుకున్న పనులు మూడే మూడు. జుట్టుకి రంగు వేసుకోవడం, దగ్గు మందు తాగడం, శవపేటికలో పడుకోవడం. మొదటి రెండూ ఇంట్లోనే అయిపోయాయి. మూడోదానికి మాత్రం భార్య రెబ్కా బడికి వెళ్ళేదాకా ఆగాల్సి వచ్చింది. రెబ్కా టీచరమ్మ. ఆవిడ ఉండగా ఇలాంటి పనులు సాగవు.

ఒకప్పుడు పర్చూరు నుంచి చీరాల దాకా బుల్‌బుల్ ఇమ్మానియేలు పేరు తెలియని పేట లేదు. ఒళ్ళో బుల్‌బుల్ వాయిద్యం పెట్టుకుని, మీటలు నొక్కుతూ "చేలగట్టు దారినే రావయ్యా" అని అందుకుంటే మగ్గాలు ఆగేవి, పత్తి తీసే ఆడవాళ్ళు నడుములెత్తేవాళ్ళు. "వన్స్ మోర్!" అని జనం అరిచేవాళ్ళు. ఆ మాట విని ఇప్పటికి పదకొండేళ్ళు. ఈలోగా డిస్కో వచ్చింది. దాంతోపాటు మెరిసే ప్యాంటేసుకుని మార్కు అనే కుర్రవాడొచ్చాడు. కిందటేడు గుడి పండగకి వాడు ఏకంగా మోటారు సైకిలు మీద స్టేజీ ఎక్కాడు. ఇమ్మానియేలుకి మాత్రం మైకు సెట్టువాళ్ళు వైర్లు సరిచూసుకునే పది నిమిషాలే ఇచ్చారు. ఆ పది నిమిషాలూ అతను ఖాళీ చాపలకి పాడి ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

అందుకే ఈ ఏడు పెట్టె. సాయంత్రం పండగలో నలుగురు దాన్ని మోసుకొచ్చి స్టేజీ మీద దింపుతారు. సాంబ్రాణి పొగ లేస్తుంది. పొగలోంచి మూత లేస్తుంది. మూత కిందనుంచి పాట లేస్తుంది. ఈ సంగతి తెలిసినవాడు వడ్రంగి జక్రయ్య ఒక్కడే. ఊళ్ళో ఎవరు పోయినా పెట్టె చేసేది అతనే.

"నాకు పెట్టెలు కొత్త కాదు గానీ ఇమ్మానియేలూ, కొలతలివ్వడానికి సొంతంగా నడిచొచ్చినోడివి నువ్వే" అన్నాడు జక్రయ్య, తన షెడ్డులోంచి సైకిలు బయటికి తీస్తూ.

"ఇప్పుడెక్కడికిరా?"

"పర్చూరు. మూతకి మడత బందులు తేవాల. లోపల్నుంచి తెరిచే పెట్టె ఇంతకుముందు చేసిన పాపాన పోలా. నేనొచ్చేలోపు నువ్వు పడుకుని చూడు. ఎక్కడన్నా గుచ్చుకుంటే చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలా."

జక్రయ్య వెళ్ళాడు. ఇమ్మానియేలు తెల్ల పంచె, తెల్ల జుబ్బా సర్దుకుని పెట్టెలోకి దిగాడు. షెడ్డు పక్కనే మిరపకాయల కల్లం. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు గొంతు పట్టేస్తోంది. సాయంత్రం పాడాల్సిన గొంతాయె. రెండు ముక్కుపుటాల్లోనూ దూది పెట్టుకున్నాడు. మఫ్లరు తీసి గడ్డం కిందనుంచి చుట్టి నడినెత్తిన ముడి వేశాడు. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకున్నాడు. రాత్రంతా సాధన చేసి నిద్రలేదు, పైగా కడుపులో దగ్గు మందు. రెండు నిమిషాల్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

విరిగిన మంచం కోడు చేయించుకుందామని వచ్చిన పుల్లమ్మ తొంగి చూసింది. పెట్టె, తెల్లబట్టలు, ముక్కులో దూది, దవడకి కట్టు. కోడు అక్కడే పడేసి, "ఇమ్మానియేలన్న ఎల్లిపోయాడో!" అని కేకపెడుతూ పరుగెత్తింది.

వచ్చినవాళ్ళలో ఒక్కరూ నాడి చూడలేదు. దూది పెట్టి, కట్టు కట్టి, పెట్టెలో సర్దారంటే చూడాల్సినవాళ్ళు ఎప్పుడో చూసే ఉంటారని ఎవరికి వారే అనుకున్నారు. పాస్టరు సంజీవరావు గారు కూడా అలాగే అనుకుని గంట కొట్టమన్నారు. మనిషి పోతే వయసెంతో అన్ని గంటలు కొట్టడం ఆ గుడి ఆనవాయితీ. బాప్తిస్మం పుస్తకం తిరగేసి మరీ కొడతారు.

ఆ గంటకే ఇమ్మానియేలుకి మెలకువ వచ్చింది. ఎవరు పోయారబ్బా అనుకుంటూ కళ్ళు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే చెవి పక్కన ఒక ఆడగొంతు, "ఆయన పాటిన్న చెవుల్తో ఇంకేం వింటామమ్మా" అంది.

తెరవబోయిన కళ్ళు మళ్ళీ మూసుకున్నాయి. ఇంకో గొంతు, "మా పెళ్ళికి పాడాడు. మూడుసార్లు పాడించుకున్నాం" అంది. లేవాలి, లేచి చెప్పాలి, తప్పు. తెలుసు. కానీ పదకొండేళ్ళ ఆకలి. ఇంకొక్క మాట విని లేద్దామనుకున్నాడు.

గంట నలభై ఎనిమిది దాటింది. ఊరందరికీ అతను చెప్పుకున్న వయసు అదే. గంట ఆగలేదు. యాభై. యాభై అయిదు. "ఇంకా కొడుతున్నారేంటే!" అని ఎవరో గుసగుసలాడారు. అరవై ఒకటి దగ్గర ఆగింది. రంగేసిన జుట్టు కింద ఇమ్మానియేలుకి చెమటలు పట్టాయి.

అంతలో రెబ్కా వచ్చింది. బడినుంచి గొడుగుతోనే పరుగెత్తుకొచ్చి పెట్టె పక్కన కూలబడింది. "ఆ కుర్రాడితో పోటీ ఎందుకండీ మీకు? మీరు దొడ్లో నీళ్ళు తోడుతూ పాడుకుంటారే, నేను పొయ్యి ఊదడం ఆపి వినేదాన్ని. ఒక్కనాడన్నా మీతో చెప్పకపోతినే!"

ఇమ్మానియేలుకి గుండె కరిగిపోయింది. ఇప్పుడు లేస్తే ఈ మాట మళ్ళీ జన్మలో వినబడదు.

"ఆయన పాటతోనే ఆయన్ని సాగనంపుదాం" అన్నారు పాస్టరు గారు. పాడగలిగింది మార్కు ఒక్కడే. వాడు మెరిసే ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని అందుకున్నాడు. "చేలగట్టు దారినే రావయ్యా..." బాగానే పాడుతున్నాడు. జనం వంత పాడారు. ఇమ్మానియేలు మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "నా చిన్న గుడిసెలో ఆగవయ్యా..." దగ్గర రాగం పైకి లేవాలి. మార్కు కిందికి దించేశాడు. ఇమ్మానియేలు ఓర్చుకున్నాడు. మార్కు రెండోసారీ దించాడు.

"ఒరేయ్, అక్కడ ఎత్తాలిరా!" అంది పెట్టె.

ఆ తర్వాత షెడ్డులో మిగిలింది రెబ్కా ఒక్కతే. పుల్లమ్మ కల్లంలో మిరపకాయల మీద పడి తుమ్ముతోంది. పాస్టరు గారు చొప్పవామి ఎక్కారు. ఇమ్మానియేలు దూది తీసుకుంటూ లేచి కూర్చున్నాడు.

"ఇందాకటినుంచీ వింటూనే పడుకున్నారా?" అంది రెబ్కా.

"నువ్వు నా పాట గురించి చెబుతుంటే ఎట్లా లేచేదే?"

రెబ్కా గొడుగుతో రెండు తగిలించింది. మూడోది ఎత్తి, కొట్టకుండా పెట్టె అంచు మీద తల ఆనించి మళ్ళీ ఏడ్చింది. అప్పుడే సైకిలు దిగిన జక్రయ్య ఇద్దర్నీ చూసి, "బందులు తెచ్చా. బిగించమంటావా, వద్దా?" అన్నాడు.

వద్దని పండగ కమిటీ తీర్మానించింది. ఊరంతా ఒకసారి చూసేసిన తమాషాకి రెండోసారి ఎవరు బెదురుతారు? సాయంత్రం ఇమ్మానియేలు ఊరికే కుర్చీలో కూర్చుని ఒళ్ళో బుల్‌బుల్ పెట్టుకున్నాడు. చచ్చి లేచినవాణ్ణి చూడాలని పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు, చాపలు చాల్లేదు. "ఆగవయ్యా" దగ్గర అతను రాగాన్ని ఎత్తి నిలబెట్టాడు. పాట అయ్యాక వెనకనుంచి ఎవరో అరిచారు.

"తాతా, వన్స్ మోర్!"

ఆ తాత అన్న మాటకి ఇమ్మానియేలు ప్రాణం చివుక్కుమంది. అయినా మూడుసార్లు పాడాడు.

మర్నాడు పొద్దున్నే మార్కు జక్రయ్య షెడ్డుకి వెళ్ళి తన కొలతలు ఇచ్చి వచ్చాడు.