రెండు నలభై మూడు

ఆ ఉదయం డెల్బర్ట్ పెట్టుకున్న పని ఒక్కటే. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్న కొయోట్ నక్కని మట్టుపెట్టాలి.

ఇంట్లో రెండు తుపాకులున్నాయి. తూటా కొలతని బట్టి అతనిదాన్ని రెండు ఇరవై మూడు అంటారు. వయోమింగ్ గాలికి దాని చిన్న తూటా పక్కకి కొట్టుకుపోతుంది. భార్య ఇమోజెన్‌ది రెండు నలభై మూడు, గాలికి అంతగా లొంగదు. కానీ ఆమె పోయాక అది ఉన్న బీరువా అతను తెరవలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో వినిపించేది అతని దగ్గు ఒక్కటే.

ఏది తీయాలో పొరుగు రైతు లైల్‌ని అడిగాడు.

"ఆలోచించి ఫోన్ చేస్తాలే," అన్నాడు లైల్. అతను దేనికైనా ఒక పూట ఆలోచించే మనిషి.

మేత వేసి వచ్చేసరికి ఫోన్‌లో ఎవరిదో మాట రికార్డయి ఉంది. జలుబు గొంతు, సగం గరగర: "...రెండు నలభై మూడు. మర్చిపోయేవు."

డెల్బర్ట్ బీరువా తెరిచాడు. తుపాకి పట్టీకి ఇంకా ఇమోజెన్ చేతి క్రీము వాసన ఉంది. దాన్ని భుజాన వేసుకుని వాగు వైపు నడిచాడు.

ఆ గొంతు లైల్‌ది కాదు, ఒమాహాలో ఉండే అక్క వర్నాది. చెప్పింది తను దిగే బస్సు వేళ. తమ్ముడు బస్సు దగ్గరికి ఎంతకీ రాకపోతే, అటుగా వచ్చిన లైల్ ఆమెని తన పికప్‌లో తెచ్చి గేటు దగ్గర దింపిపోయాడు.

వాగు పక్క పొదల్లోంచి ఆమెకి గుండె తరుక్కుపోయే ఏడుపు వినిపించింది. అక్కడ డెల్బర్ట్ బోర్లా పడుకుని, గాయపడిన కుందేలులా కూసే పీక ఊదుతున్నాడు. ఆ కూతకి ఆశపడి కొయోట్ ఎదురుగా వచ్చి నిలబడింది. పీక వదిలి తుపాకి ఎత్తాడు.

"ఏడవకురా తమ్ముడూ, నేనొచ్చాగా," అంటూ వెనకనుంచి వర్నా వచ్చి మీద పడింది. కొయోట్ తోక ముడిచింది.

"అక్కా, ఏడ్చింది నేను కాదే, అది..."

"నోర్ముయ్. ఎన్నాళ్ళనుంచి ఇలా పొదల్లో పడి ఏడుస్తున్నావు? రెండ్రోజులుండి పోదామని వచ్చాను. నిన్నిలా వదిలేసి ఎలా పోనూ?"

డెల్బర్ట్ పీకని మెల్లగా జేబులో వేసుకున్నాడు. నిజంగానే కళ్ళు తడిశాయి.

సాయంత్రం లైల్ ఫోన్ చేశాడు. "బాగా ఆలోచించాను. రెండు ఇరవై మూడే తియ్యి."

కొయోట్ ఆ వారం మరో పిల్లని ఎత్తుకుపోయింది. డెల్బర్ట్ పెద్దగా పట్టించుకోలేదు. వర్నా చలికాలమంతా ఉండిపోయింది. మధ్యలో ఆమె పెట్టె సర్దిన ప్రతిసారీ, కొట్టం వెనక ఒక కుందేలు వెక్కి వెక్కి ఏడ్చేది.