మంత్రిగారు స్వహస్తాలతో పట్టిన వైరస్‌లు

"సోమవారం నుంచి ఈ శాఖలో ఏ వైరస్ దొరికినా నా చేతికే దొరకాలి" అని మంత్రిగారు ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. ఆయన చూపుడువేలికి విడిగా ఫోటోలు కూడా తీశారు.

శాఖలోని రెండొందల కంప్యూటర్లనీ పదేళ్లుగా చూసుకుంటున్న కాంట్రాక్టు టెక్నీషియన్ గుండెల్లో మాత్రం రాయి పడింది. నెలాఖరుకి ఆవిడ కాంట్రాక్టు పొడిగించాలి. సంతకం మంత్రిగారిదే.

సోమవారం కెమెరాల ముందు మంత్రిగారు మౌసు పట్టి, స్కాన్ అని ఉన్నచోట నొక్కారు. పాకుతున్న పచ్చ గీతను రెండు గంటలు కదలకుండా చూశారు. అంతసేపు కదలకుండా కూర్చోవడం ఆయనకు అసెంబ్లీలో అలవాటే, మెలకువగా ఉండడమే కొత్త. చివరికి ఫలితం వచ్చింది. సున్నా.

"సున్నా ఏంటమ్మా? పేపర్లో సున్నా ఎలా వేయిస్తాం?"

"మీరు నొక్కింది మాన్యువల్ స్కాన్ సార్, మనం నొక్కితేనే నడుస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంకోటి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఎవరు ఏ ఫైలు తెరిచినా ముందు అది చూస్తుంది. పాడుదైతే అక్కడికక్కడే తీసిపారేస్తుంది. అందుకే మీదాకా ఏదీ రాలేదు" అంది టెక్నీషియన్.

"అది పనిచేస్తున్నట్టు ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు సార్."

మంత్రిగారు కార్యదర్శి వైపు తిరిగారు. "నా శాఖలో, ఒక్క ఫోటో కూడా లేకుండా, పదేళ్లుగా పనిచేస్తోందా? ఆపించండి."

ఆపించారు. ఉద్యోగులు వారమంతా లాటరీ తగిలిందన్న మెయిళ్లతో సహా అన్నీ తెరిచి, మనస్ఫూర్తిగా సహకరించారు. మరుసటి సోమవారం మంత్రిగారు మళ్లీ నొక్కారు. నాలుగువేల మూడొందల పన్నెండు. హాలంతా చప్పట్లు. దొరికినవాటిని తొలగించమంటారా అని కంప్యూటరు అడిగితే, వద్దని నొక్కించాడు కార్యదర్శి. అన్నీ ఇవాళే తీసేస్తే వచ్చే వారం సార్ ఏం పట్టాలని అతని ముందుచూపు.

మూడోనాడు టెక్నీషియన్‌కి కార్యదర్శి గదినుంచి కబురొచ్చింది.

"మంత్రిగారు ఒక్క వారంలో నాలుగువేలు పట్టారు. పదేళ్లలో మీరు ఒక్కటైనా చూపించారా? అందుకని మిమ్మల్ని తీసేస్తూ ఆర్డరు టైపు చేయించానమ్మా" అన్నాడు కార్యదర్శి. కాస్త ఆగి, "సంతకానికి పంపుదామంటే ప్రింటు రావడం లేదు. ఒక్కసారి చూసి వెళ్తారా?" అన్నాడు.

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. పాడైన మిషన్ ఎదురుగా ఉంటే ఆవిడ చెయ్యి ఊరుకోదు. అలవాటు కొద్దీ ముందు బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ ఆన్ చేసింది. తర్వాత ఆర్డరు ఫైలు తెరవబోయింది.

స్క్రీన్ ఒక్క క్షణం రెపరెపలాడి కుదురుకుంది.

"ఆర్డరు ఇక్కడే ఉండాలే. ఏదమ్మా?"

"నేనేమీ తీయలేదు సార్" అంది ఆవిడ. అది నిజమే.

కార్యదర్శి వంగి బల్లకింద కూడా వెతికాడు.