పై అంకె, కింది అంకె

నాలుగంతస్తులు మెట్లెక్కితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అలాంటిది రక్తపోటు పరిశోధన కేంద్రాన్ని నాలుగో అంతస్తులో పెట్టి, లిఫ్టుకి తాళం వేసిన మహానుభావుల తెలివి అక్కడ బీపీ చూసే టెక్నీషియనమ్మకు ఎనిమిదేళ్లయినా అంతుపట్టలేదు.

బీపీ వల్ల కిడ్నీలు ఎలా పాడవుతాయో తేల్చడం అక్కడి పని. పరిశోధనలో చేరిన మూడొందల మందికీ మాత్రలు ఉచితం. వాళ్లలో ఆమె అత్తగారు ఒకరు. ఆవిడ కిడ్నీలు ఇప్పటికే సగం చేతులెత్తేశాయి. మిగతా సగాన్ని మాత్రలే కాపాడుతున్నాయి.

ఆ రోజు ఆరోగ్య మంత్రిగారు వస్తున్నారని లిఫ్టు నడిచింది. ఆయన ‘రక్తపోటు లేని రాజ్యం’ ప్రకటించి, ప్రజల కోసం తన సొంత చెయ్యే టెక్నీషియనమ్మ ముందు చాపారు.

"పైది నూట అరవై, కిందిది వంద సార్."

"పైదేంటి, కిందిదేంటి?"

"గుండె నొక్కినప్పుడు పైది, వదిలినప్పుడు కిందిది సార్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఒకే ఒంట్లో పైవాడూ, కిందివాడూనా! నా హయాంలో ఈ తేడాలు కుదరవు. రెండూ సమానం చెయ్యండి!"

"తేడా లేకపోతే నాడి ఆడదు సార్."

"ఆఫీసులో ఆటలేంటమ్మా?"

డైరెక్టరుగారు అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి సర్క్యులర్ దిగింది: రెండంకెలూ కలిపి, సగం చేసి, రెండు గళ్లలోనూ అదే ఎక్కించాలి. మంత్రిగారిది నూట ముప్ఫై, నూట ముప్ఫై. నూట ఎనభై, నూట పది ఉన్న అత్తగారిది నూట నలభై అయిదు, నూట నలభై అయిదు.

"ఏవే, నా బీపీ తగ్గిందా?" అని మురిసిపోయింది అత్తగారు.

"తగ్గలేదత్తయ్యా, పంచారు."

కంప్యూటర్‌కి సమానత్వం తెలీదు. తేడా సున్నా అయితే నాడి లేనట్టు, నాడి లేకపోతే మనిషి లేనట్టు అని ఎప్పుడో ఎవరో డాక్టరు దానికి నేర్పారు. అది మూడొందల ఒక్కరినీ మృతుల ఖాతాలో వేసింది.

మర్నాడు మంత్రిగారు విలేకరులతో గర్వంగా అన్నారు: "మా కేంద్రంలో ఒక్క బీపీ రోగి కూడా మిగల్లేదు!"

మందుల కౌంటర్లో అత్తగారి కార్డు తిరిగొచ్చింది. "పోయినవాళ్లకి మాత్రలివ్వం మామ్మగారూ."

"మరి నేనెవర్ని నాయనా?"

టెక్నీషియనమ్మ రొప్పుతూ మెట్లెక్కి డైరెక్టరుగారి ముందు నిలబడింది. ఆయన చాలా జాలిపడ్డారు.

"బతికించొచ్చమ్మా. సర్క్యులర్ మంత్రిగారిది కదా, ఆయన సంతకం పెడితే చాలు. కానీ..." అంటూ కంప్యూటర్ ఇటు తిప్పారు.

మృతుల జాబితాలో మొదటి వరుస: నూట ముప్ఫై, నూట ముప్ఫై.

అయ్యా, అమ్మా, తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి. పోయినవారి సంతకం చెల్లుతుందా? చెల్లదంటే, ఆయన ఈ వారం పెట్టిన మిగతా సంతకాల మాటేమిటి? కాస్త తొందరగా చెప్పండి, అత్తగారి దగ్గర ఇంకా మూడు మాత్రలే ఉన్నాయి.